పసుపు చొక్కాలు

అక్టోబర్ 8, 1978. ఆదివారం

దెబ్బ తగిలిన ఆటగాడికి పసుపు చొక్కా తొడిగి, మెస్ తలుపు పక్కన నిలబెట్టి, ఉడికించిన బీన్స్ తినిపించడం తప్పు. ఆ తప్పు చేస్తున్నవాడు కోచ్ హార్లన్ టగల్. మిగతావాళ్ళం కూర్చుని స్టేక్ మాంసం తింటాం. పదకొండేళ్ళుగా ఇదే పద్ధతి. ఆ పదకొండేళ్ళలో మా కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఓడింది తొమ్మిదే ఆటలు. ఈ సీజన్‌లో అప్పుడే వరసగా మూడు.

కోచ్‌కి వయసైపోయిందని పేపర్లు రాస్తున్నాయి. మంగలి షాపు ముసలాళ్ళయితే బంతి అందుకుని ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ ఎవరో పిల్ల మోజులో పడ్డాడని తేల్చేశారు. అసలు కారణం నాకు తెలుసు. ప్రతి ఆటలో నా పక్కనే నిలబడుతుంది.

అక్టోబర్ 10

క్లియోఫస్ బాటిల్. నా రూమ్మేట్. మా సెంటర్. బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టేది అతనే. ఎడమ పక్కన నేను. రెండో ఆటలో అతని తలకి దెబ్బ తగిలింది. అప్పటినుంచి క్వార్టర్‌బ్యాక్ ఎన్నో కేకకి బంతి ఇవ్వాలో గుర్తుండడం లేదు. ఒరేయ్ లానీ, ఎన్నిట్రా, అని గొణుగుతాడు. రెండురా, అంటాను. అప్పటికే అర సెకను ఆలస్యం. ఆ అర సెకనులో మావాళ్ళు చిత్తు.

డాక్టర్‌కి చెబుదామన్నాను. చెబితే నా మీద ఒట్టే అన్నాడు. మా అమ్మ హోటళ్ళ వెనక తలుపు దగ్గర నిలబడి తిండి తెచ్చుకున్న మనిషిరా, నన్ను తలుపు దగ్గర చూస్తే తట్టుకోలేదు, నేను కూర్చునే తింటా, అన్నాడు.

లైటు ఆర్పేశాను.

అక్టోబర్ 12

నాన్న పనిచేసే స్టీల్ మిల్లు యూనియన్ పాంప్లెట్ ఒకటి మళ్ళీ చదివాను. ప్రమాదం సంగతి చెప్పినవాణ్ణి శిక్షించే మిల్లులో ప్రమాదాలే ఉండవు, కాగితం మీద, అని ఉంది అందులో. గోడని గుద్దాను. మా గాయాల లిస్టు కూడా ఖాళీయే! నా పిల్లలు ఉక్కు ముక్కలయ్యా, పసుపు చొక్కాలు పెట్టెలో పురుగు పట్టిపోతున్నాయి, అని కోచ్ విలేకరులతో అన్నాడట.

క్లియో కాక ఇంకో ఎనిమిదిమంది దాస్తున్నారు. మోకాళ్ళు, పక్కటెముకలు, ఒక వేలు. ఇదివరకు ఒకడు కుంటితే బదులు దిగేందుకు వెనక నలుగురుండేవాళ్ళు. స్కాలర్‌షిప్‌లు తగ్గాయి, ఇప్పుడు వెనక ఎవరూ లేరు. కోచ్ బాగున్నాడనుకుని కుంటివాణ్ణే మళ్ళీ దింపుతున్నాడు. పెద్ద మేధావి!

అక్టోబర్ 14, శనివారం. సాయంత్రం ఆరు

31–6. ఓడాం.

మూడో క్వార్టర్‌లో క్లియో మైదానం దాటి వెళ్ళి అవతలి జట్టు బెంచీ మీద కూర్చున్నాడు. హెల్మెట్ తీసి మంచినీళ్ళడిగాడు. వాళ్ళు ఇచ్చారు కూడా. స్టేడియమంతా ఒకటే నవ్వు. లాకర్ రూమ్‌లో కోచ్, మా మీద అలిగి పుట్టింటికెళ్ళావా తల్లీ, అన్నాడు. శిక్షగా రేపు అతను స్టేడియం మెట్లు యాభైసార్లు ఎక్కి దిగాలట.

క్లియో నావైపు చూశాడు. చెప్పేద్దామని నోరు తెరిచాను. బీన్స్ వాసన గుర్తొచ్చింది. మూసుకున్నాను.

అక్టోబర్ 15

మెట్లు ముప్ఫై ఒకటోసారి ఎక్కుతూ క్లియో పడిపోయాడు.

అక్టోబర్ 17

తలలో రక్తం గడ్డకట్టింది. ఆపరేషన్ చేశారు. బతుకుతాడట. ఇక ఆడడు. నన్ను గుర్తుపట్టాడు, పేరు రాలేదు.

కోచ్ టోపీ చేత్తో పట్టుకుని ఆస్పత్రికి వచ్చాడు. ఒక్కడైనా నాతో చెప్పలేదేమిట్రా, అన్నాడు. నటన కాదు. కళ్ళల్లో నీళ్ళు. ఆయనకి నిజంగానే తెలియదు!

క్లియో వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుంది. పక్క మంచం నీదేగా బాబూ, నీక్కూడా తెలీదా, అంది. తెలుసండీ, అన్నాను. చెయ్యి వదిలేసింది.

అక్టోబర్ 18

దెబ్బలు బయటపెడదాం రండంటూ హాస్టల్లో గది గదికీ తిరిగాను. టాకిల్ స్థానంలో ఆడే రాండల్ బూతులు తిట్టాడు. పాంప్లెట్ల పిచ్చోడా, ఉన్న స్కాలర్‌షిప్ ఊడగొడతావట్రా, నువ్వు నోరు మూసుకున్నప్పుడు ఏమైందిరా ఈ నీతి, అన్నాడు. నిజమే అన్నాను. అతను ప్యాంటు పైకి లాగి మోకాలు చూపించాడు. బొప్పాయంత ఉంది.

అక్టోబర్ 19

ఈ చీటీ రాసి అందరి తలుపుల కిందా తోశాను: ఈ సాయంత్రం ఆరింటికి, మెస్ తలుపు దగ్గర. అందరూ రండి. దెబ్బ లేనివాళ్ళు కూడా. చొక్కా దొరకనివాడు పసుపు గుడ్డ కట్టుకోండి.

కుర్చీలు ముట్టుకోవద్దు.