గంజి చల్లారేదాకా

హెర్న్‌డన్, అమెరికా,
శనివారం

అనురాధక్కా, కంగారు పడకు, నా ఉద్యోగం పోలేదు! ఫోన్‌లో చెప్తే కోతలంటావని కార్డు మీద రాస్తున్నా.

మూడో ట్యాంకులో తిలాపియా చేపలు వారం నుంచి మేత సరిగ్గా తినట్లేదు. ప్రోబయాటిక్ పొడి కలిపి పెట్టమన్నారు మా ఓనరు దామోదర్ గారు. ఆ పొడి మేతకి అంటుకోకుండా నీళ్లలో కొట్టుకుపోతోంది. అందుకని నువ్వు మన చెరువుకి చేసినట్టే గంజి కాచి కలిపా. ఆత్రంలో వేడివేడిగా పోసేశా! పొడిలో ఉన్న మంచి బాక్టీరియా అంతా ఉడికి చచ్చింది.

"ఇంకొక్కసారి చూస్తా. ఈసారీ పాడుచేస్తే ఇంటికి పోవడమేరా" అన్నారాయన.

మళ్లీ కాచి, చల్లారేదాకా గిన్నె ముందే కూర్చున్నా. నాలుగో రోజుకి మేత పడీపడగానే చేపలు ఎగబడ్డాయక్కా, నా చొక్కా మొత్తం తడిసిపోయింది! నాలుగో ట్యాంకు కూడా నాకే అప్పజెప్పారు.

కలిపాక మేత నీడలో ఎంతసేపు ఆరబెడతావు? వెంటనే మెసేజ్ పెట్టు. గట్టు మీద మోటారు బాగుచేయించారా? బావ మోకాలు ఎలా ఉంది?

కృతికి ముద్దులు, బావకి నమస్కారాలు. గంట సేపు కదలకుండా కూర్చున్నానంటే బావ నమ్మడు. ఈ కార్డు చూపించు.

నీ తమ్ముడు
తేజు