కుర్చీలో నేను

చీపురుపల్లి

తమ్ముడు సంజయ్‌కి,

ఫోనులో చెబితే మీ బావ వింటారని ఉత్తరం రాస్తున్నాను. ఆయన కోసం నువ్వు పంపిన చక్రాల కుర్చీ అందింది. లివరు గట్టిపడి కాళ్లలో కండ కరిగిందనీ, రోజూ నడిస్తే కండతోపాటు పేగుల్లో మంచి బ్యాక్టీరియా కూడా పెరగొచ్చనీ విజయనగరం డాక్టరు ఎంత చెప్పినా ఈయన మంచం దిగలేదు. "కడుపులో పురుగుల్ని పెంచడానికి నాను నడవాలేటి?" అన్నారు.

నీ కుర్చీని చూడగానే మాత్రం రోషం పొడుచుకొచ్చింది. "నా పనైపోనాదనుకున్నాడేటి మీ తమ్ముడు?" అంటూ లేచారు. కాళ్లు వణికేసరికి ఆ కుర్చీ పిడులే పట్టుకుని, తోసుకుంటూ నడిచారు. ఖాళీ కుర్చీ ముందుకు జారిపోతోందని నన్ను అందులో కూర్చోబెట్టారు. ఇప్పుడు రోజూ వీధంతా నన్ను తిప్పుతున్నారు.

దాంతో జబ్బు నాకేనని ఊరంతా అనుకుంటోంది. మొన్న ఆదివారం చర్చిలో ఏసమ్మ లేచి, "పెబువా, ఈ తల్లి కాళ్లకి బలమియ్యి" అని ప్రార్థన చేసింది. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది మీ బావే. ఆ గొంతు విని ఎన్ని నెలలైందో! నా కాళ్లు బాగానే ఉన్నాయని చెప్పడానికి లేవబోయి, మళ్లీ కూర్చుండిపోయాను.

నీ అక్క