మారు వడ్డించినందుకు సున్నా

శుక్రవారం రాత్రి, అమలాపురం

సంస్కృతిని ఆటలతో నేర్పుతారట. హైదరాబాద్ కంపెనీ కుర్రాడొకడు వచ్చి, నా తెలుగు క్లాసులో పిల్లల మొహాలకి వీఆర్ కళ్లజోళ్లు తగిలించాడు. కోనసీమ పిల్లలకి కోనసీమ మర్యాద నేర్పే ఆటట! బొమ్మ అతిథి వస్తాడు. కాళ్లకి నీళ్లివ్వాలి, ఆకు వెయ్యాలి, వడ్డించాలి, సాగనంపాలి. ఎంత తొందరగా సాగనంపితే అంత ఎక్కువ మార్కులు. చెప్పడానికైనా సిగ్గుండాలి.

ఎనిమిదో తరగతి ఎస్తేరు ఆ బొమ్మకి కూర వేసి, మళ్లీ వెయ్యబోయింది. ఎర్రలైటు వెలిగింది. ఆలస్యమట, సున్నా.

"మారు వడ్డించకుండా ఎలాగండీ? ఏమనుకుంటారు?" అంది.

"గేమ్‌లో ఆ ఆప్షన్ లేదమ్మా," అన్నాడు వాడు.

మధ్యాహ్నం భోజనాల్లో ఆ మహానుభావుడే చాలు చాలంటూ ఆకుకి చెయ్యి అడ్డం పెట్టాడు. "అలా అంటే ఎలాగండీ, ఇంకాస్త వేసుకోండి," అని హెడ్మాస్టారు బలవంతపెడితే, పనసపొట్టు కూర మూడుసార్లు వేయించుకుని తిన్నాడు. త్రేన్చాడు కూడా. అయినా బుర్రకెక్కలేదు. ఎలా ఎక్కుతుంది, కూరంతా పొట్టలోకే పోయింది.

తరవాత ఎస్తేరు మళ్లీ ఆడింది. ఈసారి ఒక్క గరిటె వేసి, అతిథిని గుమ్మం దాటించేసింది. నూటికి నూరు! వాడు క్లాసందరి చేతా చప్పట్లు కొట్టించాడు.

నాకు మనసొప్పలేదు. బడి వదిలాక గేటు దగ్గర ఆపి అడిగాను.

"రేపు మీ ఇంటికి ఎవరైనా భోజనానికొస్తే ఎలా వడ్డిస్తావే?"

అది నన్నే ఎదురడిగింది.

"మార్కులకా అండీ, మామూలుగానా?"