కట్టు విప్పాక కనిపించిన డాక్టరు

తనిఖీ అధికారి గారికి,

మా కంటి ఆసుపత్రికి గుర్తింపు ఇవ్వాలంటే, విదేశీ రోగుల అభిప్రాయ పత్రాలన్నిటిలో టిక్కులు ఒకే చేత్తో పెట్టినట్టు ఎందుకున్నాయో రాసిమ్మన్నారు. ఆ చెయ్యి నాదేనండి. నేనిక్కడ దుబాసీని. రోగుల కళ్లకు కట్లుంటాయి కాబట్టి ప్రశ్నలు నేనే చదివి, వాళ్లు చెప్పిన చోట టిక్కు పెడతాను. ఒక్కటీ మార్చలేదు, ఒట్టు.

“డాక్టరు గారు ఓపిగ్గా మాట్లాడారా?” అన్నదానికి అందరూ అయిదుకి అయిదు వేయించారు. అదే నాకూ అంతుపట్టలేదు. ఆయన “కదలొద్దు!” అని కసిరితే, నేను “ఇంకొక్క నిమిషం కదలకండమ్మా, అయిపోవచ్చింది” అని వాళ్ల భాషలో చెప్పేదాన్ని, అంతే.

మీరు వెళ్లిన మర్నాడు, చూపు లేకుండా వచ్చిన ఒక పెద్దావిడకు కట్టు విప్పారు. ఆవిడ డాక్టరు గారిని ఎగాదిగా చూసి, నా చెయ్యి పట్టుకుని, “డాక్టరమ్మా, ఎప్పుడూ మీ పక్కన విసుక్కుంటూ ఉండే మనిషి ఈయనేనా?” అంది.

“ఏమంటోంది?” అన్నారాయన.

“చూపు బాగా ఆనుతోందట సార్” అన్నాను.

ఇంతకీ ఆ అయిదు మార్కులు ఎవరివంటారు? మీ పత్రమంతా వెతికానండి, దుబాసీకి గడి లేదు.

మీ జవాబు తెలుసుకోవాలని ఆత్రపడుతూ,
దుబాసీ