పొయ్యి మీద దురాయి

అక్టోబర్ 19, శనివారం

కంపెనీకి సెలవు పెట్టి నాయుడుపేట నుంచి ఆటోలో ఊరికి వచ్చాను. చెప్పులు విడవకముందే ఊరి పెద్దలు కొత్తగా వేసిన దురాయి సంగతి చెవిన పడింది. వచ్చే శని, ఆదివారాలు ఏటి మొగ దగ్గర మా పాళెం వాళ్లెవరూ వల వేయకూడదట. గాలం కూడా వేయకూడదట. తిరుపతి నుంచి ఒక యాంగ్లింగ్ క్లబ్ వస్తోంది. ఒడ్డున నిలబడి పండుగప్పలు పట్టే పోటీ. వాళ్ల బ్యానర్ మీద ఆ చేప పేరు బారమండి.

దురాయి అంటే మాకు ఆటమాట కాదు. ఊళ్లో ఎవరైనా పోతే శవం లేచేదాకా పడవ దించకూడదని దురాయి. వానలకు స్వర్ణముఖి నిండి సముద్రంలో కలిసే రోజుల్లో పండుగప్ప గుడ్లతో మొగకు చేరుతుంది. అప్పుడు అక్కడ వల పడకూడదని దురాయి. గాలానికి మాత్రం అడ్డు లేదు. అది ఒంటి మనిషి కడుపు కోసం. పెద్దలు కూర్చుని వేసిన ఆ మాట కలెక్టర్ ఆర్డర్ కంటే గట్టిది. దాన్ని మీరినవాళ్ల మీద పడే వెలి పేరూ దురాయే. ఇప్పుడు దాన్నే షామియానాలాగా అద్దెకిచ్చేశారు.

ఇచ్చింది ఊరి పెద్ద తిరుమలయ్య. నాకు సొంత పెద్దనాయన.

అక్టోబర్ 20

పొద్దున్నే పోయి అడిగాను. ఆయన వల కుట్టుకుంటూ తల ఎత్తలేదు. వాళ్లు గుడికి రేకులు ఏపిస్తామన్నార్రా, రెండు దినాలు ఊరికే కూసుంటే నీ సొమ్మేం పోతాది అన్నాడు. సముద్రం ఎవరి సొమ్మని ఇచ్చావు అన్నాను. నువ్వు కంపెనీలో జీతగాడివి, నీకు సముద్రంతో ఏం పనిరా రూపేషా, పోయి ఆ కాగితాలు పంచుకోపో అన్నాడు. లోపలి నుంచి పెద్దమ్మ నవ్వింది.

కాగితాలట. మత్స్యకారుల హక్కుల మీద నేను పంచే కరపత్రాలకు ఆయన పెట్టిన పేరు. డిగ్రీ సగంలో ఆగిన నాకు బుద్ధి చెప్పింది ఆ కాగితాలే. తీరం మీద మొదటి హక్కు వల వేసేవాడిదని వాటిలోనే చదివాను. వల వేసేవాడికి మాత్రం చదివి వినిపించినా ఎక్కదు.

అక్టోబర్ 21

అమ్మ బతిమాలింది. మీ నాయన పోయిన కాడినుంచి ఈ ఊరే నాకు మొగుడురా, ఊరితో పెట్టుకోబాకు అంది. అమ్మ రోజూ మా ఊరి పడవల దగ్గర చేపలు ఎత్తి నాయుడుపేటలో అమ్ముతుంది. భయం ఆ గంపలోనే ఉంది. భయపడేవాళ్లను చూస్తే నాకు జాలి రాదు, మంట పుడుతుంది.

అక్టోబర్ 23

కుర్రాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాను. అందరం ఒకేసారి మొగలోకి దిగి గాలాలు విసిరితే దురాయి ఎవరి మీద వేస్తారు? ఊరంతటినీ ఊరే వెలేయగలదా? అందరూ తలలూపారు. ఇమ్మానుయేల్ అయితే, నువ్వు ముందు దిగప్పా, మేం నీ ఎనకాలే తోకలెక్కన ఉంటాం అన్నాడు. బడి నుంచి నా పక్కన కూర్చున్నవాడు. నమ్మాను.

అక్టోబర్ 26, ఉదయం ఆరున్నర

ఒక్కడూ రాలేదు. ఇమ్మానుయేల్ క్లబ్బు టీషర్ట్ వేసుకుని వాళ్ల రొయ్యల బకెట్ మోస్తున్నాడు.

అదే రోజు, మధ్యాహ్నం

దిగాను. ఒక్కడినే దిగాను.

ఎర్ర జెండాల మధ్య వాళ్లు పొడుగాటి రాడ్లతో వరసగా నిలబడి ఉన్నారు. నా చేతిలో సీసాకు చుట్టిన దారం, కొక్కేనికి బతికున్న రొయ్య. ఇసుక తిన్నెకూ ఒడ్డుకూ మధ్య నీళ్లు లోతుగా, తెల్లటి నురుగుతో మరిగే చోటు ఒకటి ఉంటుంది. పండుగప్ప అక్కడే కాపు కాస్తుంది. వాళ్లందరూ దాన్ని దాటించి దూరంగా విసురుతున్నారు. నేను నడుము లోతులో నిలబడి అక్కడే వేశాను.

క్లబ్బు ప్రెసిడెంట్ భానుచందర్ టోపీ సర్దుకుంటూ వచ్చాడు. బ్రో, ప్లీజ్, ఇది కాంపిటీషన్ జోన్ అన్నాడు. నీ జోన్ తిరుపతిలో ఉంటుంది చూసుకో, ఇది మా మొగ అన్నాను. ఆ మాట పూర్తి కాకముందే దారం వేళ్లను కోసుకుంటూ పరిగెత్తింది. అల వచ్చినప్పుడు వదిలాను, అల పోయినప్పుడు లాగాను. చివరికి ఒక పెద్ద అలే దాన్ని ఇసుక మీదికి తోసింది. పసిపిల్లవాడంత చేప.

వాళ్లు రాడ్లు పడేసి పరుగెత్తుకొచ్చి చప్పట్లు కొట్టారు! సెల్ఫీలు తీసుకున్నారు. నేను తిరగబడ్డానని ఒక్కరికీ అర్థం కాలేదు. భానుచందర్ మోకాళ్ల మీద కూర్చుని దాని పొట్ట చూసి, ఫిమేల్ బ్రో, ఎగ్స్ ఉన్నాయి, రిలీజ్ చెయ్ అన్నాడు. నిండు గుడ్ల చేపను వదలాలని నాకు తెలియదా? దురాయి పుట్టిందే దానికోసం. కానీ అతను చెప్పాక వదిలితే అతని మాట విని వదిలినట్టే. వదల్లేదు. మొప్పల్లో వేళ్లు దూర్చి భుజాన వేసుకుని ఊరి మధ్యగా నడిచాను. వాకిళ్లలో ఉన్నవాళ్లు లోపలికి పోయారు.

అమ్మ నా మొహం చూడలేదు. చేప పొట్ట మీద చెయ్యి వేసి, ఇది తల్లిరా అంది.

అక్టోబర్ 27

ఐస్ వాడు అమ్మకు ఐస్ ఇవ్వలేదు. ఇంట్లో నిన్నటి పండుగప్ప వాసనొస్తోంది.

అక్టోబర్ 28

పెద్దలు కూర్చున్నారు. నేను సిద్ధమై పోయాను. నన్ను వెలేయండి, నాకు భయం లేదు అన్నాను. పెద్దనాయన మొదటిసారి నా కళ్లలోకి చూశాడు. నిన్నెవురు అడిగినార్రా, నువ్వు తినే పొయ్యి నాయుడుపేటలో ఉండాది, దురాయి మనిషి మీద పడదు, పొయ్యి మీద పడతాది, ఈ ఊళ్లో నీకుండే పొయ్యి మీ అమ్మది అన్నాడు.

తీర్పు అంతే. తాయమ్మకు, అంటే మా అమ్మకు, పడవల దగ్గర చేప ఇవ్వకూడదు, ఆటోలో చోటివ్వకూడదు, ఎవరూ ఆమె వాకిట్లో కూర్చోకూడదు. దురాయి దించుకోవాలంటే రెండే దారులు. నేను అందరి ముందూ సాగిలపడి తప్పు ఒప్పుకోవాలి. లేదంటే, వీడు నా పొయ్యి కాడ తినేవాడు కాదు అని అమ్మ ఊరి ముందు చెప్పాలి.

పుట్టి పెరిగాను ఈ ఊళ్లో. ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. చెప్పారేమో, నేను వినలేదేమో. ఏదైనా సాగిలపడేది లేదు. మొగను అమ్ముకున్నవాడి కాళ్ల ముందా?

అక్టోబర్ 30

వెలివేయడం నేరం. ఫిర్యాదు రాసుకుని స్టేషన్‌కు బయలుదేరాను. అమ్మ అడ్డం నిలబడింది. నువ్వు కేసు పెట్టి బస్సెక్కి పోతావు, నేను ఈడ వాళ్ల మొగాలు సూసుకుంటా బతకాల అంది. నీ ధైర్యం ఏదమ్మా అని అరిచాను. నా ధైర్యమంతా నిన్ను సాకేదానికి అయిపాయరా అంది.

డ్యూటీకి వచ్చేశాను. క్లబ్బు వాళ్లు నా ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టారు. కింద, స్థానికులకు అవేర్‌నెస్ అవసరం అని రాశారు.

నవంబర్ 3

ఇమ్మానుయేల్ ఫోన్ చేశాడు. తిట్టాను. తిట్టు, తిట్టి ఇను అన్నాడు. అమ్మ తెల్లవారకముందే గంపెత్తుకుని పక్క పాళెం దాకా నడిచిపోతోందట. వాళ్లకీ కబురందింది. ఖాళీ గంపతో తిరిగొస్తోందట. నువ్వొచ్చి ఒక్కసారి వంగప్పా, నడుమేం ఇరగదు అన్నాడు. బకెట్ మోసే నడుము నీది అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

నవంబర్ 5

ఊరికి వెళ్దామని బస్టాండ్ దాకా పోయాను. తిరిగొచ్చాను.

నవంబర్ 8

అమ్మ చెప్పేసింది.

నిన్న సాయంత్రం పెద్దల ముందు నిలబడి చెప్పిందట. ఇమ్మానుయేలే చెప్పాడు. ఏడ్చిందా అని అడిగాను. లేదప్పా, కొంగు నడుముకు బిగించుకునింది, వల లాగేదానికి పోయినట్టు చెప్పేసి పాయ అన్నాడు. ఈ పొద్దున పడవ దగ్గర అందరికంటే ముందు ఆమె గంపే నింపారట.

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. పెద్దనాయన గెలిచాడు. భానుచందర్ గెలిచాడు. గుడికి రేకులు కూడా వచ్చేశాయట.

నవంబర్ 17, ఆదివారం

నాయుడుపేట చేపల మార్కెట్‌కు పోయాను. అమ్మ అటు ఒకరు, ఇటు ఒకరు మా పాళెం ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. నన్ను చూసి కత్తిపీట ముందుకు జరుపుకుంది. రా సార్, ఏం కావాల అంది.

కిలో ఎంతమ్మా అన్నాను.

పక్కవాళ్లు తలెత్తలేదు. బేరానికి వచ్చినవాళ్లందరూ ఆమెను అమ్మా అనే పిలుస్తారు.