నా ముడుల్లోకి పాకిన నీలం

లోవర్ హట్,
9 జూన్ 2014

అమ్మా,

నేను బాగున్నాను. ఫోన్లో చెప్పడానికి సిగ్గేసి కార్డు రాస్తున్నాను. నా జపాన్ నేత డాక్యుమెంటరీ కోసం ఈ ఊళ్లో స్థిరపడిన మిచికో అనే జపాన్ పెద్దావిడ మగ్గం షూట్ చేస్తున్నాను. "రంగుకు ముందు నూలు కట్టడం మా అమ్మ దగ్గరే నేర్చుకున్నా" అని ఆవిడతో గొప్పలు పోయాను. సంబరపడి తన నూలు నా చేతికిచ్చింది. కట్టాను. రంగులో ముంచి ముడులు విప్పితే, కట్టు వదులై తెల్లగా ఉండాల్సిన చోటంతా నీలం పాకింది. ఆవిడ ఆ నూలునే మగ్గానికెక్కించి, "మీ అమ్మగారు ఎలా కడతారు?" అని అడిగింది. షాట్ సరిచేస్తున్నట్టు కెమెరా వెనక్కి వెళ్లిపోయాను. నువ్వు పక్కన కూర్చోమన్నప్పుడల్లా చదువుందని తప్పించుకున్నానుగా.

నీ భుజం నొప్పి తగ్గిందా? నాయనకు దండాలు. నువ్వు కట్టిన పోగులు నాలుగు, ముడులు విప్పకుండా కవర్లో పంపు. అవి ఆవిడ చేతికిచ్చి, కెమెరా ముందే నిజం చెబుతాను.

నీ సుకన్య