మీసం కనిపించేదాకా

సింగపూర్
ఆదివారం మధ్యాహ్నం

నాయనకు,

నీ కూతురు మాధవి నీ కాళ్ళకు మొక్కి రాస్తున్నది. నేనిక్కడ బాగున్నాను. ఒంట్లో బాగుంది, ఉద్యోగం బాగుంది, మూడు పూటలా తింటున్నాను. నీకు దగ్గు ఎట్లా ఉంది? మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? మందులు వేళకు వేసుకుంటున్నావా? ఇవన్నీ అమ్మను అడుగుతూనే ఉన్నాను, "శానా నయం మే" అంటుంది. కానీ చెయ్యి కాలి బొబ్బలెక్కినా "ఏం కాలేదు" అనే మనిషి మాట ఎంతవరకు నమ్మను? అందుకే నిన్నే అడుగుతున్నాను. అన్న, వదిన కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోన్లుండగా ఈ ఉత్తరమేంటని అనుకుంటున్నావేమో. ఫోన్లో నీతో మాట్లాడడం ఎట్లా ఉంటుందో నీకు తెలీదు. "బాగుండావా? తింటివా? ఇదో మీ యమ్మకిస్తా." అంతే. మిషన్ల మోతకు నీ చెవులు సగం పోయాయి, గట్టిగా అరిచి చెబుదామంటే ఇది అరిచి చెప్పే సంగతి కాదు. కాగితం మీదైతే వేలు పెట్టుకుని నిదానంగా చదువుతావు. మొదట నువ్వొక్కడివే చదువు. తర్వాత అమ్మకు వినిపించు. ఉత్తరంతో పాటు వచ్చిన పెట్టెలో రెండు పొట్లాలున్నాయి, నేను విప్పమనే చోటు వచ్చేదాకా వాటిని విప్పొద్దు. నీకు ఓపిక తక్కువని తెలిసే చెబుతున్నాను.

ముందు ఇక్కడి కబుర్లు. ఈ మధ్య రోజూ వానే. అరగంట కుండపోతగా కురుస్తుంది, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు ఎండ కాస్తుంది. ఆఫీసు అదే, చాంగీ బిజినెస్ పార్కులో బ్యాంకు పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కంప్యూటర్లో తప్పులు వెతుకుతాను. మధ్యాహ్నం హాకర్ సెంటర్లో తింటాం, అంటే తిండి అంగళ్ళన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటు. అక్కడ సీటు కావాలంటే టేబుల్ మీద టిష్యూ పొట్లం పెట్టి వెళ్తారు, దాన్ని చోప్ చెయ్యడం అంటారు. బేతంచెర్ల బస్సులో నువ్వు కిటికీలోంచి తువాలు వేసేవాడివే, అచ్చం అదే. కాకపోతే ఇక్కడ తువాలు తీసి పారేసి కూర్చునేవాళ్ళు లేరు.

లిటిల్ ఇండియాలో బొరుగులు కొనుక్కొచ్చి పోయిన వారం ఉగ్గాని చేశాను. నీళ్ళలో ఎక్కువసేపు ఉంచానేమో, ముద్దయిపోయింది. నాతో ఫ్లాట్లో ఉండే కాకినాడ అమ్మాయి ఇది బొరుగుల పొంగలా అని అడిగింది. పుట్నాల పొడి సరిగా లేక అట్లా అయిందని బుకాయించాను. అమ్మతో చెప్పి ఒక డబ్బా పొడి పంపించు. అమ్మ బండి దగ్గర ఇప్పుడు బజ్జీల పొట్లాలు నువ్వే కడుతున్నావట కదా. నువ్వు కట్టిన పొట్లం విప్పాలంటే బ్లేడు కావాలని జనం నవ్వుతున్నారట. "ఈ చేతులు మెత్తబడినాయి, ఇంక ఎందుకూ పనికి రావు" అన్నావని అమ్మ చెప్పింది. ఆ మాట నన్ను రెండు రోజులు పీడించింది నాయనా.

ఇక అసలు సంగతి. కోపం తెచ్చుకోకుండా చదువు.

నాకు పదేళ్ళప్పుడు బడి ఎగ్గొట్టి పాలిష్ ఫ్యాక్టరీకి వచ్చేదాన్ని, గుర్తుందా? నువ్వు నాపబండను మిషన్ కింద పెట్టి తిప్పుతుంటే బూడిదరంగు రాయి కాస్తా నల్లగా అద్దంలా అయ్యేది. చివర్లో వంగి అందులో నీ మీసం చూసుకునేవాడివి. మీసం వెంట్రుక వెంట్రుకగా కనిపిస్తే బండ పాసయినట్టు, అలికినట్టుంటే మళ్ళీ మొదటికి. అది చూడ్డానికే నేను వచ్చేదాన్ని. ఒకరోజు నువ్వు టీకి వెళ్ళినప్పుడు ఉలి తీసుకుని బండ అంచు కొట్టబోయాను. నువ్వొచ్చి చెంప మీద ఒక్కటిచ్చావు. నన్ను నువ్వు కొట్టింది ఆ ఒక్కసారే. తర్వాత నా చెయ్యి తీసుకుని నీ నెత్తి మీద పెట్టుకున్నావు. "ఈ దుమ్ము నాతోనే ఆఖరు కావాల. రాతిపని ముట్టనని నా మీద ఒట్టెయ్యి మే" అన్నావు. నీ జుట్టంతా రాతిపొడి. నా అరచెయ్యి తెల్లగా అయింది. ఒట్టేశాను.

నాయనా, ఆ ఒట్టు నేను తప్పాను.

పోయిన ఏడాది స్నేహితులతో న్యూజిలాండ్ వెళ్ళి ఫోటోలు పంపాను కదా. ఆ ఫోటోల్లో లేనిది ఒకటుంది. అక్కడ పడమటి సముద్రం ఒడ్డున పచ్చరాయి దొరుకుతుంది. జేడ్ అంటారు. అక్కడి మూలవాసులకు అది పెద్దల ఆస్తి, ఎక్కడపడితే అక్కడ తియ్యకూడదు. కొన్ని తీరాల్లో మాత్రం చేత్తో మోయగలిగినన్ని ఏరుకోవచ్చని అన్నారు. అడిగి, కనుక్కుని, అట్లాంటి చోటే ఏరాను. చలిగాలికి స్నేహితులంతా కారెక్కి కూర్చున్నారు. నేను మాత్రం ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి రెండు గంటలు వంగిన నడుము ఎత్తలేదు. పదకొండు రాళ్ళు దొరికాయి, పదకొండూ నిగనిగలాడే పచ్చవే. విమానంలో బరువెక్కువ అవుతుందని స్వెటర్లన్నీ నేను తొడుక్కుని సంచిలో రాళ్ళు పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి కిటికీలో ఆరబెట్టాను. ఆరేసరికి పది రాళ్ళు వెలిసిపోయి బూడిదరంగుకు తిరిగాయి. "తడి బండ మాట వినొద్దు, ఆరినాంక చూడు" అని నువ్వు ఎన్నిసార్లు చెప్పావు? బేతంచెర్లలో పుట్టి, బండల మధ్య పెరిగి, అలల్లో తడిసిన రాళ్ళను చూసి మోసపోయాను. నవ్వుకో, పర్వాలేదు. కానీ పదకొండోది మోసం చెయ్యలేదు. దాన్ని ఏరేటప్పుడు మాత్రం నువ్వు చేసినట్టే ఇంకో రాయితో తట్టి చూశాను. బద్దుమనలేదు, కంగుమంది. ఆ మోత కోసం ఆ చలిలోనే ఇంకోసారి తట్టాను. నువ్వు పక్కనే ఉన్నట్టు అనిపించింది.

మా ఆఫీసులో చీనా ఆవిడ ఒకరి చేతికి పచ్చ జేడ్ గాజు ఉంటుంది. ఆమె నా రాయి చూసి ఒక అంకుల్ అడ్రసు ఇచ్చింది. టాన్ అంకుల్‌కు డెబ్భై దాటాయి, ఒక ఫ్యాక్టరీ బిల్డింగులో నాలుగో అంతస్తులో చిన్న షాపు. ఒకప్పుడు జేడ్ గాజులు కోసేవాడు, ఇప్పుడు శనివారాలు నాలాంటివాళ్ళకు నేర్పిస్తాడు. మొదటి రోజే నేను రాయిని చక్రానికి గట్టిగా అదిమాను. "స్లో లా, గర్ల్. రాయి ఎక్కడికీ పారిపోదు" అన్నాడు. ఇక్కడివాళ్ళు మాట చివర ఊరికే ఒక "లా" తగిలిస్తారు. మన నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది, మాట వింటుంది. ఇది నారలు పెనవేసుకున్నట్టుంటుంది, ఎంత అరగదీసినా అరగదు. తొందరపడితే ఒళ్ళంతా గుంటలు పడతాయి. మూడు శనివారాలు పట్టింది సగానికి కొయ్యడానికే.

ఒకరోజు నేను రాయి పట్టుకున్న తీరు చూసి ఆగాడు. బొటనవేలు రాయి వెనక ఆనించి, చూపుడువేలు పక్కగా పెట్టి పట్టుకుంటాను, అది నీ పట్టే. "ఇది ఎవరు నేర్పించారు?" అని అడిగాడు. ఎవరూ లేదన్నాను. ఒట్టు సంగతి గుర్తొచ్చి భయంతో అట్లా అనేశాను. మా నాయన అని చెప్పడానికి నోరు రాలేదు. ఇంటికొచ్చి బాగా ఏడ్చాను.

ఎందుకు చేస్తున్నావు ఈ పని అంటావా? ఆఫీసులో నేను రోజంతా చేసిన పనిని చేత్తో పట్టుకుని ఇదీ అని చూపించలేను. ఆదివారాలు గది అంతా నిశ్శబ్దం. ఎవరితోనూ మన ఊరి మాట మాట్లాడకుండానే గడిచిన రోజులున్నాయి. ఆ చక్రం తిరిగే మోత, తడిరాయి వాసన, అవి ఉన్నచోట నేను ఒంటరిదాన్ని కాను. నువ్వు భయపడొద్దు. ప్రతి చక్రం మీదా నీళ్ళు పడుతూనే ఉంటాయి. నీళ్ళ గొట్టం తిప్పాకే స్విచ్ వెయ్యాలి, అది అంకుల్ పెట్టిన మొదటి రూలు. ముక్కుకు మాస్కు కూడా ఉంటుంది. దుమ్ము లేవదు నాయనా. నిజంగా లేవదు.

రాయి సగానికి కోసి, అంచులు దిద్దుతున్న రోజుల్లోనే అమ్మ ఫోను. ఆఫీసులో భోజనానికి లేస్తున్నాను. "మీ నాయన్ను కర్నూలు ఆస్పత్రికి తీస్కొచ్చినాము మే. ఊపిరి ఆడ్డం ల్యా. నువ్వేం బయపడాకు" అంది. టిష్యూ పొట్లం చేతిలోనే ఉండిపోయింది. నువ్వు ఆస్పత్రిలో ఉన్న నాలుగు రోజులూ నాకు ఒకటే ఆలోచన. నీ నెత్తి మీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టు తప్పాను కాబట్టే నీకు ఇట్లా అయింది. ఇంజనీరింగ్ చదివిన పిల్లవు ఇవి నమ్ముతావా అని అన్న నవ్వుతాడు. నవ్వనీ. నీ విషయంలో నాకు చదువు పనిచెయ్యలేదు. మూడు వారాలు ఆ షాపు వైపు పోలేదు.

అంకులే మెసేజ్ పెట్టాడు, నీ రాయి ఇక్కడే ఉంది, ఎప్పుడొస్తావని. వెళ్ళి జరిగిందంతా చెప్పాను. నాకు నేర్పింది మా నాయనే అని కూడా చెప్పాను. నీళ్ళు లేకుండా అంచులు కొట్టేవాడని, ఊపిరితిత్తుల్లో ఆ దుమ్మే పేరుకుందని చెప్పాను. ఆయన అంతా విన్నాడు. గుడ్డతో చక్రం తుడుస్తూ కూర్చున్నాడు. ఆఖరికి, "ప్రామిస్ చేసింది మీ ఫాదర్‌కి. నన్ను అడిగితే ఎట్లా? ఆయన్నే అడుగు లా" అన్నాడు.

అందుకే అడుగుతున్నాను.

ఇప్పుడు పొట్లాలు విప్పు. ఎర్రదారం కట్టింది అమ్మది. ఒక సగాన్ని చదునైన బిళ్ళలా దిద్ది, మెరుగు పెట్టి, గొలుసులో వేసుకోవడానికి పైన చిన్న రంధ్రం చేశాను. బండి దగ్గర వేసుకోనంటుంది, కసురుకుని వేయించు. వెలుగుకు పెట్టి చూడు, లోపల చిన్న మబ్బు ఉంటుంది. అది మచ్చ కాదు, రాయి పుట్టుకే అంత. మెరుగులో తప్పులుంటే తిట్టు. నాకు మీసం లేదు కాబట్టి బొట్టు చూసుకుని పాస్ చేశాను.

తెల్లదారం కట్టింది నాది, రెండో సగం. గరుకు పనంతా నేనే చేసేశాను, రంధ్రం కూడా వేశాను. ఆఖరి మెరుగు మాత్రం పెట్టలేదు, కావాలనే. పొట్లంలో తోలు ముక్క, చిన్న డబ్బాలో మెరుగు పెట్టే ముద్ద ఉన్నాయి. తోలుకు ముద్ద కొంచెం రాసి, నాలుగు చుక్కల నీళ్ళు వేసి, చేత్తో రుద్దడమే. మిషన్ వద్దు. తోలు తడిగానే ఉంచు, పొడి అన్న మాటే ఉండదు. నేను రెండుసార్లు చేసి చూసి, అంకుల్‌ని అడిగి, అప్పుడు పంపుతున్నాను. ఆయాసం వస్తే ఆపెయ్యి. రోజుకు పది నిమిషాలు చాలు, నెల పట్టినా పర్వాలేదు. మెత్తబడ్డ చేతులే దీనికి కావాలి, గట్టి చేతులైతే గీతలు పడతాయి. ఇది నిన్ను ఓదార్చడానికి అనడం లేదు, కావాలంటే అంకుల్‌ని అడిగి చెప్పిస్తాను.

నువ్వు మెరుగు పెట్టి పంపితే ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టినట్టే అనుకుంటాను. నోటితో ఏమీ చెప్పక్కర్లేదు, ఫోన్లో అంతకన్నా అక్కర్లేదు. ఎట్లా ఉన్నది అట్లాగే తిప్పి పంపినా నాకర్థమవుతుంది. ఆ శనివారమే ఏప్రన్ మడిచి అంకుల్‌కి ఇచ్చేసి వస్తాను. అలగను, అడగను, అమ్మ మీద విసుక్కోను. నీ మీద వేసిన ఒట్టు, తీయాల్సింది నీ చెయ్యే. రాయి కన్నా నాకు నువ్వు ఎక్కువ నాయనా, అది మాత్రం ఏ ఒట్టూ వెయ్యకుండానే చెప్పగలను.

నేను బాగున్నాను. తింటున్నాను. నీళ్ళు పెట్టే కోస్తున్నాను. చలిగాలిలో తిరగొద్దు, బండి దగ్గర నూనె పొగకు దూరంగా కూర్చో. అమ్మకు, అన్నకు, వదినకు నా నమస్కారాలు. వీధి చివర అవ్వకు అడిగానని చెప్పు. మీ ఇద్దరి దీవెనలు నాకు చాలు.

ఒకవేళ మెరుగు పెడితే మాత్రం, పంపే ముందు అలవాటు ప్రకారం వంగి మీసం చూసుకో. అది నా చేతికి అందాక నేను కూడా వంగి చూస్తాను. కనిపించేది నా మొహమేనని తెలుసు. అయినా నేను వెతికేది నీ మీసాన్నే.

ఎప్పటికీ నీ బిడ్డ,
మాధవి